కాటమయ్య కళ్ల లోపలి నలుపు గురించి

నా పేరు సాలమ్మ. భర్త యోసేపు, చనిపోయాడు. వయసు నలభై ఒకటి. నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని మిషన్ దవాఖానలో కంటి గది ఆయాను. పంతొమ్మిదేళ్లుగా అదే పని. గీత కార్మికుడు కాటమయ్య కళ్లు మిలిటరీ క్యాంపులో కొట్టిన దెబ్బలకే పోయాయని అతని తల్లి కట్టమ్మ పెట్టుకున్న అర్జీ విషయంలో, ఈ రోజు 1950 మార్చి 9న, మేజిస్ట్రేటు గారి ఎదుట చెబుతున్నాను. ఇంతకుముందు రెండుసార్లు వచ్చాను. రెండుసార్లూ వాయిదా పడింది.

నేను డాక్టరును కాను. అడిగారు కాబట్టి ముందే చెబుతున్నాను. మా నాయన నూలుకు రంగులద్దేవాడు. నాకు రంగుల తేడా తెలుస్తుందని అప్పటి డాక్టరు, తెల్ల దొరసాని, కంటి లోపలికి చూసే, బ్యాటరీ దీపమున్న అద్దం నా చేతికిచ్చి, చూసింది రంగు పెన్సిళ్లతో గీయడం నేర్పింది. ముందు తన కంట్లోనే చూడమంది. ఆమెవి నీలి కళ్లు. లోపల అంతా కమలాపండు రంగు, నరాలు స్పష్టంగా కనిపించాయి. ఆమె డాక్టరీ పుస్తకంలో బొమ్మలూ అట్లాగే ఉన్నాయి. తరువాత రోగుల కళ్లలో చూస్తే మట్టి రంగు, ముదురు గోధుమ రంగు. నేను భయపడి, అందరికీ జబ్బే ఉందన్నాను.

1934లో కుక్కలు కరిచిన కోతిని ఎవరో తెచ్చారు. దొరసాని దానికి మత్తుమందు ఇచ్చి, కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి నన్ను చూడమంది. దాని కన్ను లోపల మనకంటే నల్లగా ఉంది. బాగయ్యాక ఆ కోతి దవాఖాన చెట్టు మీద చీమను కూడా ఏరుకు తినేది. దొరసాని అన్నది ఇది: నల్ల కళ్లలో ఆ నలుపు లోపల కూడా ఉంటుంది, అది జబ్బు కాదు, ఎండ నుంచి కాపుదల. కాని ఆ నలుపు వెలుతురును పీల్చేస్తుంది. దీపం మసకగా ఉంటే లోపల దెబ్బ ఉన్నా కనపడదు. ఆ కోతి కన్ను నేను గీసిన బొమ్మ, ఆమె సంతకంతో, కోర్టుకు ఇచ్చాను. ఆమె 1946లో తన దేశం వెళ్లిపోయింది.

1949 డిసెంబరు 14, బుధవారం, పొద్దున పది గంటలకు ఒక జమేదారు, ఇద్దరు జవాన్లు కాటమయ్యను తీసుకొచ్చారు. ఇప్పుడున్న డాక్టరు గారు ఆ రోజు వరంగల్ వెళ్లారు. కాటమయ్య ఎడమ కన్ను వాచి ఉంది. తాటిచెట్టు మీద ఉండి కమ్యూనిస్టు దళం పోవడం చూశాడని, పేర్లు చెప్పమని కొట్టారని నాతో చెప్పాడు.

"అవ్వా, ఎడమ కన్ను మొత్తం చీకటే. కుడి కన్ను జర కనవడ్తాంది," అన్నాడు.

కుడి కంటి ముందు వేళ్లు పెడితే సరిగ్గా లెక్క చెప్పాడు. అద్దంలో బ్యాటరీ అయిపోవచ్చింది. కొత్తది కావాలని మూడు వారాలుగా అడుగుతున్నాను. ఎడమ కంట్లోకి చూశాను. నలుపు తప్ప ఏమీ కనపడలేదు.

"దెబ్బ ఉన్నదా, లేదా? ఒక్క మాట చెప్పు," అన్నాడు జమేదారు.

"ఏం కనవడ్తలేదు సారూ," అన్నాను.

నాకు కనపడటం లేదని నా ఉద్దేశం. అతను కాటమయ్య వైపు తిరిగి, "విన్నవా? ఏం లేదట. నాటకాలు చేస్తున్నవా?" అన్నాడు. తిరిగి క్యాంపుకు తీసుకుపోయారు. నేను గదిలోనే ఉన్నాను. బ్యాటరీ అయిపోవచ్చిందని చెప్పడానికి వరండా దాకా పోతే చాలు. పోలేదు. తుపాకులు ఉన్నాయి. పోలేదు.

డిసెంబరు 27, మంగళవారం, పదకొండు గంటలకు మళ్లీ తెచ్చారు. వెనుక కట్టమ్మ ఉంది. ఈసారి అతను గోడ తడుముకుంటూ వచ్చాడు. డాక్టరు గారు చూసి, ఆ డాక్టరీ పుస్తకం తెరిచి పక్కన పెట్టుకుని, లోపలంతా నలుపు, పుట్టుకతో వచ్చిన జబ్బు, దెబ్బ కాదు అని రాసిచ్చారు.

కట్టమ్మ అడిగింది: "పుట్టు గుడ్డోడు తాటిచెట్టెట్ల ఎక్కుతడు సారూ?"

ఆయన పుస్తకం మూసి లేచారు. భోజనానికి వెళ్లారు.

అప్పుడు నేను చూశాను. కొత్త బ్యాటరీ మూడు రోజుల ముందే వచ్చింది. ఎడమ కంట్లో, చూపుండే నడిమి చోట, కందిగింజంత నెత్తురు గడ్డ. పాతబడింది. కుడి కంట్లో లోపలి పొర విడిపోయి తడిబట్టలా ముడతలు పడింది. కుడి కంటి పక్కన ఎముక మీద కొత్త గాయం ఉంది. ఆ గాయం పద్నాలుగున లేదు.

కట్టమ్మ కళ్లలో కూడా చూశాను. అంతే నలుపు. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతుంది, సూదిలో దారం ఎక్కిస్తుంది. తల్లి కన్ను, కొడుకు కళ్లు గీసి తేదీ వేశాను. ఆ బొమ్మలూ ఇచ్చాను.

ఫిబ్రవరిలో హైదరాబాదులో పెద్ద కంటి డాక్టరు చూసి నా బొమ్మలు సరిగ్గా ఉన్నాయని రాశారు. చూపు రాదని, కుడి కంటికి దెబ్బ తగిలిన వెంటనే చూపించి ఉంటే ఏమో అని కూడా రాశారు. కాటమయ్య ఇప్పుడు నర్మెట్ట దగ్గర వాళ్ల ఊళ్లో ఉన్నాడు. తాటిచెట్లు అతని తమ్ముడు గీస్తున్నాడు. ఇది చెబితే ఉద్యోగం ఉండదని దవాఖానలో చెప్పారు. నిన్న కంటి గది తాళంచెవి ఇచ్చేసి వచ్చాను.

నా మీద ఎవరి ఒత్తిడీ లేదు. రాసింది గుమాస్తా గారు చదివి వినిపించారు, నేను చెప్పినట్టే ఉంది, నిజం. పద్నాలుగో తేదీన నేనన్న మాట అర్జీదారుకు పనికిరాదు, నీకూ మంచిది కాదు, కొట్టేయమంటావా అని ఆయన అడిగారు. వద్దు, ఉండనీయండి అన్నాను.

(సంతకం) సాలమ్మ