ఊడుపుల పాటలో ప్రిన్సిపాల్ గారి పేరు

యూనివర్సిటీ కాలేజీ ఆడపిల్లల హాస్టల్లో మనవరాలు సంచీలో బట్టలు సర్దుతోంది. అమ్మమ్మ మంచం అంచున కూర్చుని చూస్తోంది.

"క్షమాపణ రాసిచ్చెయ్యవే. లేపోతే కాలేజీలో పేరు కొట్టేస్తారంట."

"నీ పాటే కదా అమ్మమ్మా నేను పాడింది."

"వరి ఊడుపుల్లో పాడుకునేది మైకులో పాడతారటే?"

"గట్టు మీద ఎవరుంటే వాళ్ళ పేరు పెట్టి ఆట పట్టించాలని నువ్వే నేర్పావు. వార్షికోత్సవంలో ముందు వరసలో ప్రిన్సిపాల్ గారున్నారు. ఆయన పేరు పెట్టాను."

"పక్కన ఆయన భార్య కూడా ఉందంటగా."

"పొలం కామందు భార్య గట్టు మీద ఉంటే మీరు మానేసేవారా?"

"మానేవోళ్ళం కాదు. ముందు ఆవిడే నవ్వేది. గట్టు దిగితే ఆ మాట అక్కడితో సరి."

"అదే చెప్పాను. వినలేదు. 'బూతు పాట పాడాను, తప్పయింది' అని రాయమంటున్నారు."

"రాసెయ్. కాగితమేగా."

"అది బూతని నువ్వను, రాసేస్తాను."

అమ్మమ్మ దండెం వైపు చూసింది.

"దండెం మీద తువ్వాలుంది. అదీ పెట్టుకో," అంది.

అది 1998 ఫిబ్రవరి. జూన్‌లో మళ్ళీ క్లాసులు మొదలయ్యాయి. మనవరాలు తిరిగి రాలేదు.