అత్తగారికీ సూదులు

పుప్పాలగూడలోని ఆక్యుపంక్చర్ క్లినిక్‌లో పక్కపక్క మంచాల మీద అత్తాకోడళ్లు ఒంటినిండా సూదులతో పడుకుని ఉన్నారు. ఐవీఎఫ్ ఫలితం ఆ రోజే ఫోన్లో చెప్తామన్నారు ఆసుపత్రివాళ్లు, అందుకని కోడలి మనసు మనసులో లేదు.

"అత్తయ్యా, మీకెందుకండీ ఈ సూదులు?"

"నువ్వొక్కదానివే గుచ్చించుకుంటుంటే చూస్తూ కూర్చోలేకపోయాను. నీకెక్కడ గుచ్చితే నాకూ అక్కడే గుచ్చమన్నాను."

"ఇవి కడుపు నిలవడానికండీ."

"నిలిస్తే నిలవనీ. మీ మామయ్యకి మాత్రం నువ్వే చెప్పాలి."

కాళ్ల దగ్గర స్టూలు మీద కోడలి ఫోను మోగింది.

"ఆసుపత్రివాళ్లేనండీ. చేతులు కదపొద్దంది కదా సూదులు గుచ్చినావిడ."

"నా బొటనవేలికి సూది లేదు. కాలితో నొక్కనా?"

"వద్దండీ."

"ఏమ్మా?"

"కిందటి రెండుసార్లూ ఎత్తగానే లేదన్నారు. మోగినంతసేపయినా ఉందనుకుందామండీ."

అత్తగారు చాచిన కాలు మెల్లగా వెనక్కి తీసుకుంది.

"అయితే మోగనీలే. నేనూ అనుకుంటాను."