తగిలితే ఊఁ అను

పొద్దున్నే ముందుగదిలో. మంచం మీద అన్నయ్య. అతని కాళ్ల దగ్గర, నరాల వార్డులో నర్సుగా చేసే చెల్లెలు.

“ఇంత పొక్కు లేచింది, నీకు తెలియనే లేదా అన్నయ్యా?”

“తెలిస్తే అరవనూ? కాలా అది, కట్టె.”

“తప్పు నాది. వార్డులో ఎవరికైనా వేడినీళ్ల సంచి గుడ్డ చుట్టకుండా పెడతానా? నీకు చలిగా ఉందని కాళ్ల కింద అలాగే పెట్టేశాను. పైగా అది తియ్యకుండానే నీ కాళ్ల మీద తలవాల్చి నిద్రపోయాను. ఛీ, నేనూ ఒక నర్సునే!”

“రాత్రంతా జ్వరం మనిషిని కనిపెట్టుకుని ఉంటే నిద్ర రాదుటే...”

“నన్ను వెనకేసుకురాకు. కళ్లు మూసుకో. సూది ముట్టిస్తాను. తగిలితే ఊఁ అను.”

“ఇప్పుడెందుకే ఇదంతా?”

“చర్మం కింద నొప్పిని పసిగట్టే నరాల కొనలుంటాయి. వేడి హద్దు దాటిందా, కబురు పంపేస్తాయి. మనం అబ్బా అనేలోపే కాలు వెనక్కొచ్చేస్తుంది. నీది రాలేదు. అంటే షుగరు వాటిని తినేసింది. ఎక్కడిదాకా తినేసిందో చూడాలి.”

“పాఠం అయిందా?”

“మూశావా?”

“మూశాను తల్లీ.”

“ఇక నేను నోరు మెదపను.”

“లేదు... లేదు... ... ... లేదు.”

“అన్నయ్యా, కళ్లు తెరువు.”

“ఏం? అన్నీ పోయాయా?”

“ముట్టించినప్పుడల్లా లేదన్నావు. నేను ముట్టించకుండా ఊరికే కూర్చున్నప్పుడు ఊరుకున్నావు. తగిలినట్టు తెలియకపోతే, లేదని ఎప్పుడనాలో నీకెలా తెలిసింది?”

“ఏదో... గుడ్డిగా అనేశాను.”

“నా మొహం చూసి చెప్పు. రాత్రి కాలింది కదూ?”

“వదిలెయ్యవే.”

“కాలిందా, లేదా?”

“కాలింది.”

“మరి కాలు తియ్యవేం! పిచ్చా నీకు? లేచిందగ్గర్నుంచీ నా చేతులు విరగ్గొట్టుకోవాలనిపిస్తోంది. ఎందుకిలా ఏడిపించావు?”

“నన్ను కాదని పెళ్లి చేసుకున్ననాడు నువ్వు గుమ్మంలోకొచ్చి నిలబడితే, నీ మొహం మీదే తలుపేశాను. ఆ తప్పు నన్ను తినని రోజు లేదే. కబురు పెడదామంటే మొహం చెల్లలేదు. నిన్న జ్వరమని ఎవరో చెబితే పరిగెత్తుకొచ్చావు. చిన్నప్పటిలా నా కాళ్ల మీద పడి నిద్రపోయావు.”

“అయితే కాల్చుకుంటావా?”

“జ్వరం అప్పటికే దిగిపోయిందే. కాలు లాక్కుంటే నీకు మెలకువొస్తుంది. నుదురు పట్టుకు చూస్తావు. ఇక వెళ్తానంటావు.”