హైదరాబాదు రోడ్డు మీద ఉలవలు

"తాతా, హైదరాబాదులో నిన్ను పోలీసులు పట్టుకున్నారంట గదా? రేపు నేను అక్కడికే పోతుండా, ఆ కథేందో చెప్పు."

పట్టుకోలేదమ్మే, అడిగినారు, అంతే. మీ నాయన చెప్పినాడా? ఆయనకి అదొక్కటే గుర్తుంటది.

తొంభైల్లో మాట. అప్పుడు మీ అమ్మా నాయనా హైదరాబాదులో కాపురం ఉండేవాళ్లు. మీ అమ్మకి ఏడో నెల. తొలి కానుపు గదా, పుట్టింటికి తీసకరావాల. మీ నాయనేమో పంపనంటాడు. మీకు లోకం తెలీదు, పిల్లని అంత దూరం ఎట్టా తీసకపోతారని ఉత్తరం రాసినాడు. నాకు రోషం వచ్చింది, బయల్దేరినా.

దుత్తలూరులో బడి అయ్యోరు, మీ అత్త తమ్ముడు... కాదులే, మీ అత్తకి మేనమామ, ఆయన పట్నంలో పడాల్సిన జాగర్తలన్నీ కాగితం మీద రాసిచ్చినాడు. తెల్ల గీతల మీదే రోడ్డు దాటాల. ఉమ్మేస్తే ఫైను. గోడ కనపడిందని ఒంటికి పోబాక. దారిన పోయేవాళ్లు ఇచ్చింది తినబాక. అన్నీ చేసినా. మీ అమ్మోళ్ల ఇల్లు ఎదురుగానే ఉండాది, అయినా తెల్ల గీతల కోసం మైలు దూరం నడిచి, దాటి, మళ్లీ మైలు వెనక్కొచ్చినా.

మీ నాయనకి ఉలవచారంటే ప్రాణం. అల్లుణ్ణి మెత్తబెడదామని మూటెడు ఉలవలు తీసకపోయినా. బస్సు పైన వేస్తే వానకి తడిసినాయి. ఎండ యాడుందా అని చూస్తే, ఇంటి ముందర తారు రోడ్డు, నున్నగా, వెడల్పుగా. మన దగ్గరెట్టా? వింజమూరు రోడ్డు మీద ఉలవ చెట్లు పరిస్తే బస్సులే తొక్కి గింజ రాలగొట్టి పోతాయి, ఎవురన్నా ఏమన్నా అంటారా? పోసినా, చుట్టూ రాళ్లు పెట్టినా. స్కూటర్లోళ్లు ఒకటే అరుపులు. తువ్వాలు ఊపతా, పక్కన్నుంచి పోండి నాయనా అంటుండా.

కానిస్టేబులు వచ్చి ఫైను కట్టమన్నాడు. నేను కాగితం తీసిచ్చినా. "ఇందులో ఉలవలు ఎండబోయొద్దని యాడుందో చూపించండి సారూ."

పాపం, అంతా చదివినాడు. వెనక్కి తిప్పి కూడా చూసినాడు.

అప్పుడే ఇంటి మేడ మీద మీ నాయన కనపడినాడు. నన్ను చూసి తలుపేసుకున్నాడు. ఇంక పిల్లని పంపడు, మీ అవ్వకి ఏం మొఖం చూపించేది అనుకున్నా.

అంతలో మీ అమ్మ చాట పట్టుకోని దిగొచ్చింది. ఆ పొట్టతో రోడ్డు మీద కూర్చోని ఎత్తడం మొదలుపెట్టింది. అది చూసి కానిస్టేబులు ఫైను సంగతి మర్చిపోయి, చేతులు అడ్డంగా చాపి బండ్లన్నీ ఆపినాడు. కాసేపటికి మీ నాయన కూడా వచ్చినాడులే, చీపురుతో.

మీ అమ్మ తలెత్తకుండానే చెప్పింది. "నేను మా నాయనతో పోతుండా."

ఆయనే వచ్చి మమ్మల్ని బస్సెక్కించినాడు. అట్టా వచ్చి మన ఆత్మకూరులో పుట్టినావు నువ్వు.

సరే, పోయిరా. అటూ ఇటూ చూసి దాటు. ముసలోళ్లెవురన్నా రోడ్డు మీద అవస్థ పడతా కనపడితే, తలుపేసుకోబాక తల్లీ, దిగిపో. చల్లంగా ఉండు.