బావ తట్టిన తలుపు

బిషప్ గారి గురించా? చెప్తానే మంజుషా, కానీ ముందువి వెనక, వెనకవి ముందు అయితే తప్పు పట్టకు. ఈమధ్య ఒకటి చెప్పబోతే ఇంకోటి వచ్చేస్తోంది. ఆయన బిషప్ అయ్యాక తుఫాను వచ్చిందో, తుఫాను అయ్యాక ఆయన బిషప్ అయ్యాడో... తుఫానే ముందులే. మన పాత గుడి రేకులు కొబ్బరితోటలో దొరికాయి కదా, ఆ ఏడు.

కరుణానందం నాకు సొంత మేనత్త కొడుకు. బిషప్ అయ్యాక ఏమని పిలవాలో తెలిసేది కాదు. ఒకసారి "బావా బిషప్ గారండీ" అనేశాను. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది ఆయనకి. తర్వాత్తర్వాత ఆ నవ్వు పోయిందిలే. ఏం చెప్తున్నాను? ఆఁ, గిన్నె. మన గుడిలో ప్రభువు పేరున రొట్టె, ద్రాక్షారసం పంచే సంస్కారం అప్పుడు అందరికీ ఒకటే గిన్నె కదా. ద్రాక్షారసం ముందు పై పేట వాళ్ళు తాగాలి, తర్వాతే కింద పేట వాళ్ళం మేము. ఎవరూ రాసిపెట్టలేదు, అలా జరిగిపోయేది. మా అత్త జ్ఞానమ్మ అందరిలోకీ ఆఖరు. "ప్రభువు రక్తమంటారు, నాకెప్పుడూ అడుగుదే" అని గొణిగేది. కొడుకు బిషప్ అయ్యాక అడిగిందొకటే. "కొత్త గుడి నువ్వే తెరుస్తావంట కదరా. ఆ రోజు గిన్నె ముందు నాకివ్వరా. చచ్చేలోపు ఒక్కసారి." సరేనన్నాడు బావ. అని ఊరుకున్నాడా? పై పేట సంఘపెద్ద గంగరాజు గారికీ చెప్పేశాడు, ఈసారి మా వాళ్ళు కూర్చునే వెనక బల్ల నుంచి మొదలెడతానని. దాచడం చేతకాదు ఆయనకి.

కొత్త గుడి ప్రతిష్ఠ నువ్వు చూడలేదు. తలుపులు మూసి ఉంచుతారు. బిషప్ గారు చేతికర్రతో మూడుసార్లు తడితే లోపలున్న పెద్దలు తీస్తారు, అదీ పద్ధతి. బావ తట్టాడు. తియ్యలేదు. ఇదీ పద్ధతిలోదే అనుకున్నాం అందరం! పాటలవాళ్ళు ఇంకో చరణం ఎత్తుకున్నారు. మళ్ళీ తట్టాడు, మళ్ళీ పాట. నేనూ చప్పట్లు కొడుతూనే ఉన్నాను. "వినపడలేదేమోరా, గట్టిగా కొట్టు" అంది మా అత్త. అప్పుడు లోపల్నుంచి గంగరాజు గారి గొంతు, ఎంతో మర్యాదగా, "గిన్నె ముందు ఎవరికో సెలవియ్యండి అయ్యగారూ, తర్వాత తీస్తామండి" అని. పాట ఆగిపోయింది.

"మీకే" అంటే చాలు, తీసేవాళ్ళు. బావ వాళ్ళమ్మ వంక చూశాడు. "అనెయ్యరా, ఎండగా ఉంది" అందావిడ. అనలేకపోయాడు. రొట్టె, రసం అన్నీ లోపలే ఉండిపోయాయి. గుమ్మంలోనే ప్రార్థన చేసి జీపెక్కాడు. ఆ తర్వాత మా అత్త ఏ గుడికీ రానంది. ఆ వేసవి దాటలేదు. బావ మీద అర్జీలూ కోర్టులూ... గడువుకి ముందే దిగిపోయి రాజమండ్రిలో ఉండేవాడు. ఎప్పుడెళ్ళినా అదే అడిగేవాడు, "అనేసి ఉండాల్సిందంటావా?" అని. టీ తాగి వచ్చేసేదాన్ని. అలాగే పోయాడు.

ప్రతిష్ఠకని ముందే చెక్కించిన రాయి ఉంది చూడు గుమ్మం పక్కన, "బిషప్ కరుణానందం గారిచే తెరవబడినది" అని. దాన్నెవరూ తియ్యలేదు. మొన్న ఎవరో అది చదివి, "మీ బావగారే తెరిచారంట కదండీ" అంటే ఔనన్నాను. ఔనన్నానే! తలుపు తెరుచుకోవడం, మా అత్త రెండు చేతులా గిన్నె పట్టుకోవడం కళ్ళకి కట్టినట్టు కనిపించింది. భయమేసింది.

మీ నాన్నని అడుగు, ఆయన ఆ వేళ అక్కడే ఉన్నాడు. లోపల్నుంచి మాట్లాడింది గంగరాజు గారేనా, వాళ్ళ తమ్ముడా? పేర్లు ఒకసారి సరిచూడవే.