మా అత్త రేకుబొమ్మలు

"నాయనమ్మా, మీ అత్త బొమ్మలు చేసేదట గదా, ఎవరు నేర్పిండ్రు?"

ఎవ్వరు నేర్పలె బిడ్డా. మౌలాలిల మా మామ రైలుడబ్బాలకు రంగులేస్తుండె. అడుగున మిగిలిన రంగు గీకి ఇంటికి తెస్తుండె, గంతే. మా అత్త గ్యాసునూనె డబ్బాలు కొట్టి సాపు చేసి, పాతపెట్టెల చెక్కలు, పగిలిన గాజులు, సీసపెంకులు అన్నీ మొలలతోని బిగిచ్చి మనిషెత్తు బొమ్మ నిలవెడ్తుండె. చూసినోళ్లు నవ్వుతుండ్రి. నాకు సుత సిగ్గయితుండె, కొత్తకోడల్ని గదా. పదహారేండ్లో పదిహేడో... మీ తాతయితే పదిహేనే అంటుండె, ఆయనకేం తెల్సు.

గా యేడే నైజాం మీదికి పోలీస్ యాక్షన్ అయింది. పోలీస్ అంటరు గని, వచ్చింది మిలట్రీ. గట్లెందుకంటరో నాకిప్పటికీ సమజ్ కాదు. రజాకార్లొస్తుండ్రని తలుపులేసుకుంటిమి, నాలుగొద్దులకే రాజ్యం మారిందన్నరు. ఎవరికి భయపడాల్నో తెల్వలె. మునుపు మేం భయపడ్డం, ఇప్పుడు పక్కింటి ఖాతూన్‌బీ భయపడ్డది. మా అత్తకు పగిలిన గాజులు దాచి ఇచ్చేది ఆమెనే. ఆమె మొగడు జాల్నా దిక్కు పనికి పోయి ఇంకా రాలె.

ఒకనాడు పొద్దుగాల ఇద్దరు పిల్లల్ని పట్టుకొని మా ఇంట్లకొచ్చింది. "అక్కా, జెర కూసుంటా" అన్నది. అత్త లేచింది. సగం చేసిన పెద్దబొమ్మ, తలుపంత ఉంటది, గోడకు వారగ నిలవెట్టి ఆళ్లను దాని ఎనక కూసోవెట్టింది.

పగటాల్లకు కట్టెలు పట్టుకొని ఐదుగురొచ్చిండ్రు. ఏ పార్టీవోళ్లో ఏమో.

"పక్కింటోళ్లు ఏరి?"

"నాకేం తెల్సు" అనుకుంట అత్త బొమ్మకు రంగు రుద్దుతనే ఉన్నది. "పచ్చది అందుకోవే" అన్నది నాతోని. నేను ఎర్రది ఇచ్చిన. ఆమె ఎర్రదే పూసింది.

"ఇదేంది?" అన్నడొకడు.

"నాకే తెల్వదు కొడుకా, అయినంక తెలుస్తది."

నలుగురు లోపటి అర్రలకు పోయిండ్రు. ఐదో ఆయన కిందికి చూసిండు. రేకు కింద చిన్నపిల్ల కాలివేళ్లు కనవడ్తున్నయ్. ఆయన ఆ వేళ్లను చూసిండు, నన్ను చూసిండు.

"ఈడెవ్వరు లేరు, నడువుండ్రి" అన్నడు. అందరు పోయిండ్రు.

ఎందుకట్లన్నడు? మంచోడైతే కట్టె పట్టుకొని ఎందుకొచ్చిండు? చెడ్డోడైతే... నీకేమన్న సమజయిందా? నాకయితే కాలె.

ఖాతూన్‌బీ మొగడు నెలకొచ్చిండు, కాదు కాదు, రెండు నెల్లకు. అందర్ని యాప్రాల్‌ల ఉన్న ఆమె అక్కింటికి తోల్కపోయిండు. అప్పుడు మా అత్త, గా ఐదో మనిషి బొమ్మ చేస్తనని కూసున్నది. "ముక్కెట్లుండె? మీసముండెనా?" అని నన్నడిగేది. ఒకపారి ఉండె అన్న, ఒకపారి లేదన్న. పిల్ల కాలివేళ్లు యాదికున్నయ్ గని ఆయన మొఖమే యాదికి లేకపాయె. అంగీ, చేతులు అన్నీ చేసింది. మొఖం తావుల రంగెయ్యకుండ ఉత్త రేకే ఇడిసిపెట్టింది.

సల్లగుండు బిడ్డా. నీకు గసొంటి ఆపద రావద్దు. రావద్దు గని, వస్తే గసొంటోడొకడు ఎదురువడాలె. మీసముండెనో ఏమో మరి...