మహాశ్రోత రాఘవేందర్ సార్ పతకం

వినడంలో రాఘవేందర్ సార్‌ను మించిన మనిషి హైదరాబాదులో లేడు. ఈ మాట ఎవరో అన్నది కాదు, రాఘవేందర్ సారే స్వయంగా అన్నాడు. చిక్కడపల్లిలో మాసయ్య టీ కొట్టు ముందు, మెడకు మఫ్లరు చుట్టుకుని, చేతిలో చాయ్ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా చెబుతున్నాడు.

మహిత అక్కడికి ఆయన కోతలు వినడానికి రాలేదు. ఆమెకు మైకు కావాలి. నారాయణగూడలో ఆమె చదివే కాలేజీలో రెండు రోజుల వర్క్‌షాపు జరుగుతోంది. కంప్యూటర్లకు జనం సమాచారం అప్పజెప్పేటప్పుడు న్యాయంగా ఎలా ఉండాలి, అటువంటి విషయాలు చర్చించేటప్పుడు ఎదుటివాళ్లతో మర్యాదగా ఎలా మెలగాలి అన్నది దాని సంగతి. డేటా సైన్స్ విద్యార్థిని కాబట్టి మహితకు అందులో ఐదు నిమిషాలు ఇచ్చారు. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండే అమ్మాయిల ఫొటోలను, వాళ్లను ఒక్క మాటైనా అడగకుండా, తమ కాలేజీ వాళ్లే క్లాసు ప్రాజెక్టుల కోసం కంప్యూటర్లలో పోసేస్తున్నారని ఆమె అందరి ముందూ చెప్పాలనుకుంది. నిన్న టైం చాలలేదు. ఇవాళ పదకొండుకు మార్చారు. తీరా చూస్తే కాలరుకు తగిలించుకునే చిన్న మైకు కనిపించలేదు. మైకుల బాధ్యత మహితదే. అది లేకపోతే ఆ పాత హాల్లో మూడో వరుస దాటి మాట వినపడదు. “మైకు తెస్తే మాట్లాడు. లేకపోతే రాసివ్వు, తీరిగ్గా చదువుకుంటాం” అన్నారు వర్క్‌షాపు నడిపే త్రివేణి మేడం. రాసిచ్చినవి ఎవరూ చదవరని మహితకు తెలుసు.

నిన్న ఆఖరున మైకు పెట్టుకున్నది రాఘవేందర్ సార్. ఆయన ఆమె కాలేజీలోనే పాఠాలు చెబుతాడు. మొన్నమొన్నటిదాకా అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షల పిల్లలకు రైళ్లు ఎదురెదురుగా వచ్చే లెక్కలు చెప్పేవాడు. కాలేజీలో కొత్త కోర్సు పెట్టగానే డేటా సైన్స్ ప్రొఫెసరయ్యాడు. రైళ్లు అవే, వాటి పేరు డేటా అయింది.

“సార్, ఒక్క మాట...” అంది మహిత.

“ఆగు బిడ్డా, మంచి టైంకొచ్చినవ్. కూసో. ఇది నీ సిలబస్‌ల కూడ లేదు.” ఆయన మిగతావాళ్ల వైపు తిరిగాడు. “నేనేం చేసిన? పెద్ద పనేం గాదు. నిన్న వర్క్‌షాప్‌ల ఒక మేడం మాట్లాడుతున్నది. నేను నడుమల మాట్లాడలే. గంతే! కని ఈ దినాలల్ల గట్ల ఎవ్వరుంటరు చెప్పున్రి?”

“నిజమేనండీ,” అన్నారు సూర్యప్రకాశరావు గారు. ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. రోజూ ఈ కోతలు వింటేగాని ఆయనకు చాయ్ తాగినట్టుండదు. “మా ఇంట్లోనే నన్నొక వాక్యం పూర్తి చేయనివ్వరు.”

“గదే అంటున్న. ఆ మేడం రెండు గంటలు మాట్లాడింది. నేను రెప్ప కొట్టలే. ముక్కు మీద ఈగ వాలింది, కొట్టలే. ఎందుకు? రెస్పెక్టు! ఎదుటోల్లు మాట్లాడుతుంటె చెయ్యి ఆడించుడు కూడ తప్పే. ఆ తర్వాత ఏమైందో ఎర్కనా? ఆ ఈగ ఎగిరి పోలే. అది గూడ ఇన్నది!”

మాసయ్య పాలు కాగబెడుతూ తలెత్తాడు. “ఈగ ఇన్నదని మీకెట్ల తెలిసింది సార్?”

“చప్పుడు చెయ్యలేదు గద! జర ఆగు, నన్ను చెప్పనీ. ఆ మేడం నన్ను చూసి మాట్లాడుడు బంద్ చేసింది. ‘నా జిందగీల నన్ను ఇట్ల ఇన్న మనిషిని చూడలే’ అని వాళ్లాయనకు ఫోన్ కొట్టి ఏడ్చింది. గప్పుడు హాలంత నా దిక్కు తిరిగింది. ఏందిది, ఈ సారు ఇనుడు చూస్తుంటె పాట విన్నట్టున్నది అని మంది స్టేజీని ఇడిసిపెట్టి నన్నే చూస్తున్నరు.”

“సార్, నిన్న మీరు హాల్లోంచి వెళ్లేటప్పుడు...” మహిత మళ్లీ అందుకుంది.

“ఆగమ్మా, పోయేటప్పటి ముచ్చట ఆఖర్ల వస్తది. ఇగ ఆ నిశ్శబ్దం హాల్ల ఆగుతదా? కిటికీలకెల్లి బయటికొచ్చింది. నారాయణగూడ ఫ్లైఓవర్ మీద ఒక్క హారను లేదు! ఆటోలోల్లు చేతులూపి ‘ముందు మీరు పోన్రి, కాదు మీరే పోన్రి’ అంటున్నరు. కాచిగూడల రైలు కూత పెట్టకుండ మెల్లగ జారుకున్నది, సగం మంది ప్లాట్‌ఫారం మీదనే మిగిలిన్రు.”

“అయ్యయ్యో, పాపం,” అన్నారు సూర్యప్రకాశరావు గారు, బిస్కెట్టు చాయ్‌లో ముంచుతూ. “నిన్న ఆ టైంకి నేను ఫ్లైఓవర్ కిందే ఉన్నానండీ. హారన్లతో చెవులు పోయాయి.”

“మీరు కింద ఉన్నరు గద, పైన లేరు! సరె, అసలు ముచ్చటిను. స్టేజీ మీద ఒక మిషను పెట్టిన్రు. కృత్రిమ మేధ. దాని గుణమేందంటె, మనం సగం అడగంగనే జవాబిచ్చేస్తది. మర్యాద లేదు దానికి. ఎవ్వరు మాట్లాడినా నడుమల దూరుతది. ఒక్కొక్కరు పొయ్యి అడిగిన్రు, అందర్ని నోరు మూయించింది. ఇగ నేను లేచిన. దాని ముందల కుర్సీ ఏసుకొని కూసున్న. ఏమడిగిన? ఏం అడగలే. ఊకె చూస్తున్న. అది ‘ప్రశ్న ఏంది’ అన్నది. నేను గమ్మునున్న. ‘ఏదన్న అడగున్రి సార్’ అన్నది. గమ్మున. ఆ మిషనుకు చెమటలు పట్టినయ్!”

“మిషనుకు చెమటలేంది సార్?” అన్నాడు మాసయ్య.

“నీళ్లు కారినయ్, నేను చూసిన. ఆ తర్వాత ఏమైందో ఎర్కనా? అది ఏడుపు మొదలుపెట్టింది. ‘సార్, తప్పయింది, నేను ఆ అశోక్‌నగర్ హాస్టల్ పిల్లల ఫొటోలు అడగకుంట తీసుకున్న’ అని ఒక్కొక్క పిల్ల పేరు చెప్పి మాఫీ అడిగింది. ఎవ్వరు కనిపెట్టలే ఆ సంగతి. నేను ఇన్నందుకు బయటపడ్డది!”

మహితకు ఒళ్లు మండింది. నెల రోజులు ఆ హాస్టళ్ల చుట్టూ తిరిగి, ఒక్కో అమ్మాయి దగ్గర కూర్చుని తెలుసుకున్న సంగతి అది. నిన్న తన వంతు కోసం చూస్తూ పక్క సీటులో ఉన్న ఈయనకే మాట వరసకు చెప్పింది. ఒక్క రాత్రిలో అది మిషను ఒప్పుకోలుగా, ఈయన గొప్పగా మారిపోయింది. ఆ అమ్మాయిలను అడగకుండా ఫొటోలు తీసుకున్నవాళ్ల కంటే ఈయన ఏం నయమని ఆమెకు అనిపించింది. వెళ్లిపోదామా అనుకుంది. మైకు అడగకుండా వెళ్తే ఆ సంగతి ఇక ఈయన నోట్లోనే ఉండిపోతుంది. కదలకుండా నిలబడింది.

“ఆ ఒక్క మిషను మారితె దునియాల ఉన్న మిషన్లన్ని మారినయ్. అన్ని ఒకదానికొకటి చుట్టాలే గద! నిన్న నాలుగింటికి మీ ఫోన్లు స్లో అయినయా, లేదా? ఎందుకు? ‘ముందు మీరు చెప్పున్రి’ అని ఆగినయ్!”

“నాది ఎప్పుడూ స్లోనే సార్,” అన్నాడు మాసయ్య.

“గిప్పుడు కారణం తెలిసింది గద! ఇగ జెనీవాకెల్లి వచ్చిన ఒక దొరసానమ్మ ఉరికొచ్చింది. ‘ప్రపంచంల వినేటోల్లకు ఒక్కటే పతకం ఉన్నది, ఇన్నేండ్లు ఇచ్చేతందుకు మనిషి దొరకలే’ అన్నది. నా కాలరుకు తన చేత్తోటి పెట్టింది. చేతులు వణుకుతున్నయ్ ఆమెకు. కండ్లల్ల నీళ్లు. నేను రాత్రి గూడ తియ్యలే. ఇగో, చూస్కోన్రి!”

ఆయన మఫ్లరు విప్పాడు. నిన్నటి చొక్కానే. కాలరుకు బొటనవేలంత నల్లటి బిళ్ల, కింద చిన్న క్లిప్పు, పక్కన దీపం ఆరిపోయి ఉంది. సూర్యప్రకాశరావు గారు కళ్లద్దాలు సవరించుకుని ముందుకు వంగారు. మాసయ్య స్టవ్ తగ్గించి మరీ వచ్చాడు.

“సార్,” అంది మహిత.

“ఆగు బిడ్డా, దొరసానమ్మ ఇంకేమన్నదంటె...”

“ఏమీ అనలేదు సార్. నాకు తెలుసు. అది మీ కాలరుకు పెట్టింది నేనే.”

ఆమె ఆయన కాలరు వైపు వేలు చూపించింది.

“అది పతకం కాదు, కాలేజీ మైకు. త్రివేణి మేడం మాట్లాడుతుండగా మీరు లేచి, ఒక్క ప్రశ్న అడిగి ఇచ్చేస్తానన్నారు. ఆవిడ స్టేజీ దిగిపోయారు, మీ ప్రశ్న అవలేదు. మీ తర్వాత మాట్లాడాల్సింది నేను. వాచ్‌మన్ వచ్చి లైట్లు ఆపేదాకా మీరే మాట్లాడారు. చీకట్లో కూడా కాసేపు మాట్లాడారు.” ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. “హాస్టల్ అమ్మాయిల సంగతి మీకు మిషను చెప్పలేదు, నేను చెప్పాను. దొరసానమ్మ కళ్లలో నీళ్లన్నారు చూడండి, అవి మాత్రం నిజమే, నావే.”

సూర్యప్రకాశరావు గారు మెల్లగా అన్నారు: “అయితే వినేవాళ్లకు బహుమతిగా మైకు ఇస్తారన్నమాట.” అప్పుడు మాసయ్య మొదలుపెట్టాడు నవ్వడం. చాయ్ కోసం వచ్చినవాళ్లంతా అందుకున్నారు.

రాఘవేందర్ సార్ చెయ్యెత్తి నవ్వులు ఆపబోయాడు. “అది... నేను చెప్పేదేందంటె...”

మహిత చెయ్యి చాపింది. ఆయన ఎప్పుడూ లేనంత సేపు, అంటే రెండు గుటకలు మింగేంత సేపు, మాట్లాడకుండా క్లిప్పుతో పెనుగులాడి మైకు ఆమె చేతిలో పెట్టాడు. ఛార్జింగు మొత్తం దిగిపోయింది, పదకొండులోపు ఎక్కించుకోవాలి. రాత్రంతా ఆయన మెడ దగ్గర పడి ఉంది మరి, దాని తప్పేం లేదు.

“పదకొండుకు రండి సార్,” అంది మహిత. “ముందు వరుసలో కుర్చీ వేయిస్తాను. ఐదు నిమిషాలు విందురుగాని.”

“నేనూ వస్తానమ్మా,” అన్నారు సూర్యప్రకాశరావు గారు. “ఈయన పక్కన కూర్చుంటాను. ఆ ఈగనూ చూసినట్టుంటుంది.”

“వస్త బిడ్డా, తప్పకుంట వస్త,” అన్నాడు రాఘవేందర్ సార్, మఫ్లరు మళ్లీ చుట్టుకుంటూ. “కని ఆఖర్ల నాకు జర ఒక్క ప్రశ్న...”

ఆ ప్రశ్న ఏమిటో మహిత వినలేదు. మైకు పిడికిట్లో పెట్టుకుని అప్పటికే రోడ్డు దాటేసింది.